విషయ వివరణ

"నానమ్మా, బాడీలో ఏం రాయాలి?" అని హాల్లోంచి మనవరాలు అరిచింది.

భవానీపురంలో మా ఫ్లాటు వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని కందదుంప చెక్కు తీస్తున్నాను. బాడీ అనగానే నాకు ఆస్పత్రి వరండా గుర్తొస్తుంది. ఎవరికి ఏమైందోనని తడి చేతులతోనే పరుగెత్తాను.

ఎవరికీ ఏమీ కాలేదు. స్కూల్లో ఎస్సే రాయమన్నారట. 'నీళ్ళు మన ఇంటికి ఎలా వస్తాయి' అన్నది విషయం. నేరుగా రాసేయకూడదట, ముందు ప్లాను వేసి టీచరుకు చూపించాలట. ఇచ్చిన కాగితం మీద మూడు గళ్ళున్నాయి. పైన ఇంట్రడక్షను, కింద కన్‌క్లూజను పిల్ల అప్పటికే నింపేసింది. మధ్యలో బాడీ అన్న పెద్ద గడి మాత్రం ఖాళీగా ఉంది.

"మా రోజుల్లో దాన్ని విషయ వివరణ అనేవాళ్ళమమ్మా" అన్నాను.

ఆ మాట నా నోటితో అని ఎన్నేళ్ళయిందో. కంద దురద పెడుతోందని చెప్పి, చేతులు కడుక్కునే వంకతో లోపలికి వచ్చేశాను. కుళాయి వదిలి చాలాసేపు అలాగే నిలబడ్డాను.

నేను మొదటినుంచీ పిరికిదాన్నే. బల్లికి భయం, బస్సు కండక్టరుకు భయం, బడిగంట ఒక్క దెబ్బ ఎక్కువ కొడితే భయం. ఎందుకంటే చెప్పలేను. ఈ ఒక్క మాటకు భయపడడానికి మాత్రం కారణం ఉంది. అది నేను తొమ్మిదో తరగతిలో సంపాదించుకున్నది.

మా నాన్న కాలువ మీద లస్కరు. తూములు కాపలా కాస్తూ, పైవాళ్ళు చెప్పిన రోజున చెప్పినంత నీరు వదిలే చిన్న ఉద్యోగం. కంకిపాడు దాటాక పెద్ద కాలువలోంచి చీలిన ఓ పిల్లకాలువ గట్టు మీద మాకు రెండు గదుల క్వార్టరు ఉండేది. తలుపు తీస్తే నాచు వాసన. తలుపు వేస్తే గ్రీజు వాసన. తూము తలుపును పైకెత్తే ఇనుప మరకు నాన్న వారానికోసారి గ్రీజు పూసేవాడు. ఆయన చొక్కాలు అమ్మ ఎంత బాదినా ఆ వాసన పోయేది కాదు. ఆ గ్రీజు డబ్బాలోంచి ఓసారి కాస్త తీసుకెళ్ళి, బడిలో నా ముందు బెంచీలో కూర్చునే పిల్ల జడ చివర పూశాను. వాళ్ళమ్మ వారం రోజులు కుంకుడుకాయలతో రుద్దింది. ఎక్కడ బయటపడుతుందోనని ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. అల్లరి చేయడానికి కూడా కాస్త గుండె ఉండాలని అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం పూట గట్టు మీద గాలం వేస్తే చిత్తపరిగెలు పడేవి. అమ్మ వాటిని బూడిదతో తోమి, చింతకాయ వేసి ఇగురు పెట్టేది. రాత్రి మిగిలిన ఆ ఇగురు పొద్దున్న చద్దన్నంలో కలుపుకుంటే, ఆ రుచి తర్వాత నేను ఎన్ని ఊళ్ళు తిరిగినా దొరకలేదు.

ఇంట్లో లోటు లేదు గానీ, ఒక భయం మాత్రం ఉండేది. నేను తొమ్మిదిలో ఉన్న యేడు సార్వాలో, అంటే వానాకాలం పంటప్పుడు, నాన్నకు ఆఫీసు నుంచి ఓ కాగితం వచ్చింది. "ఇందుమూలముగా మీ వివరణ కోరడమైనది" అని చివరి వాక్యం. నాన్న దాన్ని కూడబలుక్కుంటూ మూడుసార్లు పైకి చదివాడు. దేనికి వచ్చిందో పిల్లనని నాకు చెప్పలేదు. అమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టింది. ఆ తర్వాత మా ఇంట్లో వివరణ అన్న మాట ఎవరూ పలికేవాళ్ళు కాదు. గట్టు మీద జీపు చప్పుడు వినిపిస్తే చాలు, అమ్మ చేతిలో పని ఆపేసి గోడలవంకా, చూరువంకా చూసేది. ఈ క్వార్టరు పోతే ఎక్కడికి వెళ్తామన్నది ఆ చూపు.

ఆ యేడు దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్ళు చాలక వంతులు పెట్టారు. ఎగువ పొలాలకు ఇన్ని రోజులు, దిగువ పొలాలకు ఇన్ని రోజులు అని. కాలువ చిట్టచివర ఉండే వాటిని శివారు భూములు అంటారు. వాటి వంతు వచ్చేసరికి కాలువలో బురద తప్ప ఏమీ మిగిలేది కాదు. ఆ శివారులో రెండెకరాలు చేసుకునే ఒకామె మా ఇంటికి తరచుగా వచ్చేది. మాకు బంధువు కాదు గానీ నాన్నను అన్నయ్యా అని పిలిచేది, నేను అత్తా అనేదాన్ని. కొంగులో రెండు దోసకాయలో, గుప్పెడు పచ్చి పెసరకాయలో లేకుండా వచ్చేది కాదు.

"ఏమే కోడలు పిల్లా, మావాడికి నిన్ను చేసుకుంటే నాకు నీళ్ళ బాధ తీరుద్ది" అనేది. ఆమెకు కొడుకులే లేరు.

ఓ రోజు మాత్రం నాతో వేళాకోళం ఆడకుండా నేరుగా నాన్న దగ్గరికి వెళ్ళింది. నేను గుమ్మంలో కూర్చుని పెసరకాయలు ఒలుచుకుంటున్నాను.

"అన్నయ్యా, చేను పొట్ట మీదుంది, కంకి తీయబోతోంది. ఇప్పుడు తడి అందకపోతే అంతా తాలే."

"నీ వంతు శుక్రవారం కదమ్మా."

"శుక్రవారం దాకా చేనుండాలిగా."

మధ్యాహ్నం ఎగువ రైతులంతా భోజనాలకు వెళ్ళాక నాన్న తూము దగ్గరికి వెళ్ళి మర మీది చక్రాన్ని రెండు చుట్లు తిప్పాడు. తలుపు లేస్తే దానితోపాటు మర కూడా పైకి లేస్తుంది. కొత్త గ్రీజుతో మెరుస్తూ దూరానికి కూడా కనిపిస్తుంది. నాన్న తన తువ్వాలు కాలువలో తడిపి, ఆరేసినట్టుగా దాని మీద కప్పాడు. గంట తర్వాత మళ్ళీ దించేశాడు. ఆ తర్వాత కూడా రెండు మూడు సార్లు అలాగే చేశాడు. కిటికీలోంచి అంతా చూస్తూనే ఉన్నాను. మా నాన్న ఎంత మంచివాడోనని మురిసిపోయాను. అంతకుమించి నాకేమీ తట్టలేదు.

మా తెలుగు మాస్టారు రోజూ విజయవాడ నుంచి బస్సులో వచ్చేవారు. ఆయన పొలాల మనిషి కాదు. అయినా మాకు అర్థం కావాలని పొలం భాషలోనే చెప్పేవారు. వ్యాసమంటే చేను అనేవారు. నీళ్ళు పెట్టేముందు మళ్ళు కట్టుకోవాలి, లేకపోతే నీళ్ళన్నీ ఒక మూలకే పోతాయి అనేవారు. "రేపు అందరూ మడి కట్టుకుని రండి" అని చెబితే, ఒక పిల్ల నిజంగానే తలస్నానం చేసి, ఆరేసిన బట్టలు కట్టుకుని, ఎవరినీ తాకకుండా నడుచుకుంటూ బడికి వచ్చింది. మాస్టారు నవ్వలేదు. "నువ్వొక్కదానివే నేను చెప్పిన పని చేశావమ్మా" అని కూర్చోబెట్టారు.

ఆయన లెక్కలో వ్యాసానికి అయిదు మళ్ళు. ఉపోద్ఘాతం, విషయ పరిచయం, విషయ వివరణ, ప్రయోజనాలు, ముగింపు. మడికో కాగితం. ముందు ప్రతి కాగితం మీదా ఏం రాయబోతున్నామో ఒక్క వాక్యంలో రాసి చూపించాలి. ఆయన తలూపాకే పూర్తిగా రాయాలి. చివర్లో అయిదు కాగితాలకూ దారం కట్టాలి. అన్నిటికంటే మూడో మడి మీదే ఆయన కన్ను.

"చదివేవాడికి ఏమీ తెలియదనుకోండి. ఎవరు చేస్తున్నారు, ఎప్పుడు చేస్తున్నారు, ఎలా, ఎందుకు. ఇందులో ఒక్కటి వదిలినా మడి ఎండిపోయినట్టే" అనేవారు.

బడి వార్షికోత్సవానికి వ్యాసాల పోటీ పెట్టారు. విషయం 'మన కాలువ'. ఎందుకు ఆ విషయమో నేను ఆలోచించలేదు. కాలువ గురించి నాకంటే ఎవరికి తెలుసు? నా బతుకులో మొదటిసారి భయం లేకుండా కలం పట్టుకున్నాను. ఉపోద్ఘాతంలో కృష్ణమ్మను తలచుకున్నాను. రెండో కాగితంలో తూములూ, వంతులూ చెప్పి, చివర "ఆ తూము తలుపును ఎవరు, ఎప్పుడు, ఎలా తిప్పుతారంటే" అని ఆపాను. మూడో కాగితంలో మాస్టారు చెప్పినవి ఒక్కటీ వదల్లేదు. శివారు భూములు ఎండిపోతున్నాయి కాబట్టి వంతు లేని రోజు కూడా మా నాన్నగారు మధ్యాహ్నం పూట చక్రాన్ని రెండు చుట్లు తిప్పుతారనీ, అప్పుడు మర పైకి లేస్తుందనీ, అది ఎవరికీ కనిపించకుండా తువ్వాలు ఆరేస్తారనీ రాశాను. శివారు అత్త చేను పొట్ట మీద ఉందనీ, ఆ నీళ్ళు తగిలితే ఆమె చేను ఎలా తేరుకుంటుందో కూడా రాశాను.

మాస్టారు కింద ఎర్రసిరాతో "వివరణ అంటే ఇది" అని రాశారు. క్లాసులో అందరి ముందూ నన్ను లేపి నిలబెట్టారు.

"వార్షికోత్సవం రోజున స్టేజీ మీద నువ్వే చదవాలి. కాలవల పెద్ద ఇంజనీరు, డీఈ గారు ముఖ్య అతిథి. బడి వెనక కాలవ మీద నడక వంతెన కావాలని హెడ్మాస్టారు ఆయన్ని పిలిచారు. మీ నాన్నగారి మంచితనం కూడా ఆయన చెవిన పడుద్ది" అన్నారు.

గాలిలో తేలుతూ ఇంటికి వచ్చాను. నాన్న అరుగు మీద కూర్చుని పులుసు అన్నం తింటున్నాడు. నా వ్యాసం చదవమన్నారని చెప్పాను. నాన్న మొహం విప్పారింది. డీఈ గారు వస్తున్నారని చెప్పాను. ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఆయనేగా సార్వాలో మీకు కాగితం పంపింది" అంది అమ్మ మెల్లగా.

"ఆయనే."

"పైవాళ్ళు చెప్పకుండా శివారుకి నీళ్ళొదిలారని ఎగువోళ్ళు చెప్పినందుకే గదా. ఈసారి దొరికితే వివరణ అడగం, ఇంటికి పంపుతాం అన్నారంట గదా."

"ఇప్పుడు ఆ మాటలెందుకు పిల్ల ముందు" అన్నాడు నాన్న. తర్వాత నాతో, "బాగా చదవమ్మా. నేనూ ఖాకీ బట్టలు వేసుకుని రావాలి, పైఆఫీసరు వచ్చినప్పుడు తప్పదు" అన్నాడు.

అమ్మ వడ్డించిన అన్నం కెలుకుతూ కూర్చున్నాను. నా చేతులతో, నా గుండ్రటి అక్షరాలతో, మా నాన్న మీద నేనే కాగితం పంపాను. అదీ అయిదు మళ్ళు కట్టి, ఎవరు ఎప్పుడు ఎలా ఎందుకు అని ఒక్కటి వదలకుండా. చదివేవాడికి ఏమీ తెలియదనుకోమన్నారు మాస్టారు. తెలియకూడని మనిషికి అంతా తెలిసేలా రాశాను.

మిగిలింది మూడు రోజులు. నాన్నకు చెబుదామంటే నోరు పెగల్లేదు. ఆయన ఏమంటాడోనని కాదు, అమ్మ చూరువంక చూస్తుందేమోనని. వ్యాసం మాస్టారి బీరువాలో ఉంది. మొదటి రోజు ఆయన దగ్గరికి వెళ్ళి, నాకు వద్దు, ఇంకెవరి చేతైనా చదివించండి అన్నాను.

"సభకి అందరూ భయపడతారమ్మా. రెండు వాక్యాలు చదివాక అదే పోద్ది" అన్నారు ఆయన.

ఎందుకు వద్దంటున్నానో చెప్పలేదు. పట్నం మనిషి, ఆయనకు వంతుల కట్టుబాట్లు తెలియవు. చెబితే ఇంకెవరి దగ్గరైనా అంటారేమోనని అదో భయం. రెండో రోజు చంకలో ఉల్లిపాయ పెట్టుకుని పడుకున్నాను. అలా చేస్తే జ్వరం వస్తుందని బడిలో అందరికీ నమ్మకం. జ్వరం రాలేదు, కంపు వచ్చింది. "ఏంటే ఈ వాసన" అని అమ్మ గిన్నెలన్నీ తీసి వెతికింది. మూడో రోజు నిజంగానే ఒళ్ళు వేడెక్కినట్టు అనిపించి ఆశపడ్డాను. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి, "ఏం లేదు, పద, జడేస్తాను" అంది.

సాయంత్రం నాలుగింటికి బడి ఆవరణలో షామియానా కింద సభ మొదలైంది. కొత్త టార్పాలిన్ వాసన, మల్లెపూల వాసన, పక్కన పొయ్యి మీద వేగుతున్న బజ్జీల వాసన. ఈనాటికీ పెళ్ళి పందిట్లో ఆ మూడూ కలిసి తగిలితే నాకు చెమటలు పడతాయి. డీఈ గారు సన్నగా, మర్యాదగా ఉన్నారు. సోడా తాగుతూ అందరి మాటలూ శ్రద్ధగా వింటున్నారు. వినని మనిషైనా బాగుండేది. నాన్న ఖాకీ బట్టల్లో షామియానా గుంజ పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు. నా పేరు పిలవగానే మొహమంతా నవ్వు పులుముకున్నాడు.

మాస్టారు దారం కట్టిన కాగితాలు నా చేతికిచ్చి వెనకే నిలబడ్డారు. మొదటి కాగితం చదివాను. రెండోది చదివాను. "ఆ తూము తలుపును ఎవరు, ఎప్పుడు, ఎలా తిప్పుతారంటే" అన్నాను. కాగితం తిప్పాలి. నాన్న నవ్వుతూనే ఉన్నాడు. దానితోపాటు మూడూ నాలుగూ కలిపి పట్టుకుని ఒక్కసారే తిప్పేశాను.

"కాబట్టి నీరే మనకు ప్రాణాధారం అని చెప్పి ఇంతటితో ముగిస్తున్నాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక బెంచీల్లోంచి నవ్వు మొదలై ముందు వరస దాకా వచ్చింది. డీఈ గారు కూడా నవ్వారు.

"బాగానే ఉంది గానీ, ఎలా తిప్పుతారో చెప్పనే లేదే అమ్మా" అన్నారు.

"తెలియదండి" అన్నాను.

"లస్కరు కూతురివటగా. తెలియదా?" అని నాన్నవైపు తిరిగారు. "ఏమయ్యా, పిల్లకి చెప్పలేదా?"

"లేదండి" అన్నాడు నాన్న. నవ్వు మొహం మీదే ఉండిపోయింది గానీ అందులో ఆయన లేడు.

"ఏదీ, ఇటివ్వు. ఏం రాశావో చూద్దాం" అంటూ డీఈ గారు చెయ్యి చాపారు.

ఆ చాపిన చేతిని నేను ఇప్పటికీ మర్చిపోలేదు. శుభ్రంగా కత్తిరించిన గోళ్ళు, వేలికి ఎర్రరాయి ఉంగరం. కాగితాలు నా గుండెకు అదుముకున్నాను. ఇవ్వాలని తెలుసు, చేతులు కదల్లేదు. వెనక నుంచి మాస్టారు వంగి వాటిని మెల్లగా నా చేతుల్లోంచి తీసుకున్నారు. ఇచ్చేస్తారనుకున్నాను. ఆయన నా మొహంలోకి చూశారు, తర్వాత గుంజ పక్కన ఉన్న నాన్నవైపు చూశారు.

"అన్నీ తప్పులేనండి. నేను దిద్దడం కూడా పూర్తికాలేదు. నేర్పడంలో లోపం నాదే" అని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇరవై ఏళ్ళుగా వ్యాసం నేర్పుతున్న మనిషి, ఊరందరి ముందూ ఆ మాటన్నారు. బహుమతి ఇంకో పిల్లకు ఇచ్చారు. సభ అయ్యాక మాస్టారు నాన్న దగ్గరికి వెళ్ళి, "ఇంటికెళ్ళి చదువుకోండి" అని కాగితాలు ఆయన చేతిలో పెట్టి బస్సుకు వెళ్ళిపోయారు. ఆయన మర్నాడు గానీ తర్వాత గానీ నన్ను ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. ఆయన ఋణం అలాగే ఉండిపోయింది.

నాన్న పొయ్యి ముందు పీట మీద కూర్చుని, వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాడు. మూడో కాగితం దగ్గర చాలాసేపు ఆగాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"తువ్వాలు సంగతి కూడా చూశావా" అన్నాడు.

"చూశాను నాన్నా."

"నువ్వే చూశావంటే ఇంకెంతమంది చూసుంటారో."

కాగితాలు ఒక్కొక్కటీ పొయ్యిలో పెట్టాడు. ఆ రోజు నుంచి నాన్న వంతు లేని రోజున చక్రం మీద చెయ్యి వేయలేదు.

శివారు అత్త మళ్ళీ వచ్చింది. "వంతు లేదమ్మా" అన్నాడు నాన్న, ఆమె మొహం చూడకుండా. మర్నాడు కూడా వచ్చింది. మూడో రోజు రాలేదు. మళ్ళీ శుక్రవారం ఆమె వంతు వచ్చింది గానీ, నీళ్ళు ఆమె గట్టు దాకా రాలేదు. చేను పొట్ట మీదే ఆగిపోయింది. గింజ పట్టని పైరును పశువులకైనా పనికొస్తుందని కోసేసింది.

నెల తిరక్కముందే, బడి నుంచి వస్తుంటే గట్టు మీద ఎదురుపడింది. నెత్తిన పచ్చగడ్డిలాంటి ఆ మోపు ఉంది. ఆగి, ఒక చేత్తో మోపు పట్టుకుని, రెండో చేత్తో కొంగులోంచి దోసకాయ తీసి ఇచ్చింది.

"కాలవ గురించి ఏదో రాశావంట, పెద్దాఫీసరు ముందు చదివావంట. నా చేను గురించి రాశావా కోడలు పిల్లా?"

"లేదత్తా" అన్నాను.

"రాయాల్సింది. అంత పెద్దాయన వచ్చాడు గదా. శివారోళ్ళ సంగతి ఆయనకి ఒక్కళ్ళన్నా చెప్పినట్టుండేది" అని మోపు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఒక కాగితం నిండా ఆమె గురించే రాశానని, దాన్ని చదవకుండా తిప్పేసింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. నాన్న ఉద్యోగం నిలిచింది, క్వార్టరు నిలిచింది, నా చదువంతా ఆ రెండు గదుల్లోనే సాగింది. నాన్న కోసం భయపడడం తప్పని ఈ వయసులోనూ అనుకోలేను. కానీ ఆ రోజు తర్వాత, ఆమె ఎదురుపడుతుందేమోనని గట్టు దారి వదిలేశాను. ఆ బడిలో చదువు పూర్తయ్యేదాకా, పొలాల మధ్య నుంచి చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేదాన్ని.